నఖ్లీ బాల్, అస్లీ ఫికర్: సవరం వల్ల ఫాయిదా ఎంత, నుక్సాన్ ఎంత?



మన రొంపిచెర్లలో, చుట్టుపక్కల సంతగుడిపాడు, విప్పర్ల లాంటి ఊళ్లలో ఆడవాళ్లందరికీ తెలిసిన కేక ఒకటుంది. చిక్కు వెంట్రుకలు కొంటామంటూ సైకిల్ మీదో మోపెడ్ మీదో వచ్చేవాళ్ల కేక. తల దువ్వుకున్నప్పుడు ఊడిన జుట్టును వేలికి చుట్టి, కిటికీ సందులో దోపి, నెలల తరబడి పోగుచేసి ఉంచుతారు. కేక వినపడగానే ఆ ఉండలన్నీ బయటికి వస్తాయి. బదులుగా ఒక స్టీలు గిన్నె, లేదంటే ప్లాస్టిక్ డబ్బా, పిల్లలుంటే పీచుమిఠాయి. సౌదా ఖతమ్.

అదే ఊళ్లో ఇంకో ఇంట్లో అమ్మాయికి రిష్తా వస్తోందని అమ్మీ నరసరావుపేట వెళ్లి సవరం కొనుక్కొస్తుంది. అమ్మాయి కాస్త చదువుకుని గుంటూరులోనో హైదరాబాద్‌లోనో ఉంటే పార్లర్‌కి వెళ్లి జుట్టు కుట్టించుకుని వస్తుంది. దాన్ని వీవింగ్ అంటున్నారు, ఎక్స్‌టెన్షన్ అంటున్నారు. ఒక గడపలో గిన్నెకి పోయిన సరుకు ఇంకో గడపలోకి వేల రూపాయలకు తిరిగొస్తోంది. ఈ మధ్యలో మన తలకేమవుతోంది, మన దీన్‌కేమవుతోంది, ఆ పిల్ల దిల్‌కేమవుతోంది? ఈ రోజు మన మస్లా ఇదే.

నా రాయ్ ముందే చెప్పేస్తాను. మనిషి వెంట్రుకలతో చేసిన సవరం వద్దు. కానీ దాన్ని పెట్టుకున్న పిల్లని తిట్టే ముందు, ఆ పిల్లకి అది పెట్టుకోక తప్పని హాలత్ తెచ్చినవాళ్లెవరో అడగాలి. ఆ జవాబు చాలాసార్లు మన ఇళ్లలోనే దొరుకుతుంది.

సవరం పాతదే, కుట్టించుకోవడం కొత్త

సవరం మనకు కొత్త కాదు. పల్చటి జడను ఒత్తుగా చూపించడానికి, దుల్హన్‌కి పూలజడ నిలబడడానికి మన నానీమాల జమానాలోనూ వాడారు. కొందరు తమ తలలో ఊడిన జుట్టునే దాచి సవరం కట్టించుకునేవారు. నల్లదారంతో, పట్టుతో చేసిన జడకుచ్చులు, పరాందాలు వేరే ఉండేవి. ఇవన్నీ జడ అల్లేటప్పుడు కలిపి అల్లేవి. రాత్రి జడ విప్పితే ఊడొచ్చేవి.

వీవింగ్ కథ వేరు. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో క్రిస్టినా జెంకిన్స్ అనే నల్లజాతి హెయిర్‌డ్రెసర్ 1950ల మొదట్లో ఈ పద్ధతికి పేటెంట్ తీసుకుంది. సొంత జుట్టును తలకు అంటుకునేలా సన్నని పాయలుగా బిగించి అల్లుతారు. వరుసగా కుట్టిన వెంట్రుకల పట్టీని సూదీ దారంతో ఆ పాయలకు కుట్టేస్తారు. వారాల తరబడి అది తలమీదే ఉంటుంది. ఇంకొన్ని రకాల్లో గమ్‌తో, టేపుతో అంటిస్తారు. క్లిప్పులతో పెట్టుకునేవి మాత్రం సాయంత్రానికి తీసేయొచ్చు.

మగవాళ్లు నవ్వుకోవద్దు. గల్ఫ్ నుంచి వచ్చి నిఖా చేసుకునే మన కుర్రాళ్లలో హెయిర్ ప్యాచ్ అంటించుకున్నవాళ్లు తక్కువేం లేరు. ప్యాచ్ అన్నా వీవ్ అన్నా మస్లా ఒకటే. ఆడపిల్ల పెట్టుకుంటే ధోకా, మగపిల్లాడు పెట్టుకుంటే స్టైల్ అనడం ఇన్సాఫ్ కాదు.

ఫాయిదాలు ఉన్నాయి, ఇన్కార్ చేయలేం

ఇన్సాఫ్‌గా మాట్లాడాలంటే మంచి ముందు చెప్పాలి. కేన్సర్‌కి కీమో చేయించుకున్న ఆడమనిషిని దగ్గరగా చూసినవాళ్లకి జుట్టు విలువ తెలుసు. మందు ఎక్కిన రెండు మూడు వారాలకి దిండు మీద కుచ్చులుగా జుట్టు కనిపిస్తుంది. బీమారీ కంటే ఆ అద్దం ఎక్కువ ఏడిపిస్తుంది. తలమీద అక్కడక్కడా రూపాయి బిళ్లంత మేర జుట్టు పోయే పేనుకొరుకుడు వచ్చిన పిల్లలకు, కాలిన గాయాల వల్ల జుట్టు మళ్లీ మొలవనివాళ్లకు స్కూల్లో, కాలేజీలో, ఆఫీసులో నలుగురి ముందు కూర్చోవడం నరకంగా ఉంటుంది. అలాంటివాళ్లకి తలమీద ఏదో ఒకటి ఉండడం హిమ్మత్ ఇస్తుంది. మందులకు నెలలు పడుతుంది, దీనికి ఒక పూట చాలు. ఆపరేషన్ లేదు, రక్తం లేదు.

ఈ వ్యాపారం మీద బతికేవాళ్లూ ఉన్నారు. మన ఏలూరులో, కర్ణాటకలో కొప్పళ దగ్గరి భాగ్యనగర్‌లో, పశ్చిమ బెంగాల్‌లోని ముర్షిదాబాద్ ఊళ్లలో వెంట్రుకల చిక్కు విప్పి, శుభ్రం చేసి, పొడవును బట్టి కట్టలు కట్టే పనిలో ఎంతోమంది ఉన్నారు. ముర్షిదాబాద్‌లో ఆ పని చేసే ఇళ్లలో మన ముస్లిం ఇళ్లూ చాలానే. పొద్దుటి నుంచి మగ్రిబ్ దాకా కూర్చుని వేళ్లతో, సూదులతో చిక్కు విప్పే ఆడవాళ్ల రోజీ అది. ఈ సంగతి మరిచిపోయి ఒక్క మాటలో తీసిపారేయడం నాకిష్టం లేదు.

నుక్సాన్ లెక్క

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. మొదటి నుక్సాన్ ఉన్న జుట్టుకే. బిగించి అల్లిన పాయల మీద ఇంకొకరి జుట్టు బరువు రోజంతా వేలాడితే కుదుళ్లు లాగేస్తాయి. కణతల దగ్గర, నుదుటి అంచున జుట్టు వెనక్కి జరుగుతూ పోతుంది. డాక్టర్లు దీన్ని ట్రాక్షన్ అలోపీషియా అంటారు. తొందరగా గమనించి ఆపేస్తే జుట్టు తిరిగొస్తుంది. సంవత్సరాలు అలాగే లాగిస్తే కుదురు చచ్చిపోతుంది, ఇక రాదు. అంటే పల్చటి జుట్టు దాచడానికి పెట్టుకున్నది ఉన్న పల్చటి జుట్టును కూడా తినేస్తుంది. అప్పుడు సవరం మానలేరు, ఎందుకంటే దాచాల్సింది ఇంకా పెరిగింది. అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేసినట్టు.

రెండోది మన ఎండ. రెంటచింతల ఎండలు రాష్ట్రమంతా తెలిసినవే, రొంపిచెర్లకూ అదే సూర్యుడు. మే నెలలో బురఖా కింద, స్కార్ఫ్ కింద, దాని కింద కుట్టిన పట్టీ కింద తల చర్మం ఎలా ఉంటుందో ఆలోచించండి. చెమట ఆరదు, తలస్నానం చేసినా అడుగు తడి ఆరదు. దురద, చుండ్రు, ఫంగస్, కురుపులు. గమ్ పడనివాళ్లకి ఎర్రగా పొంగుతుంది. సవరం రంగు కలవాలని నల్లరంగు వేసుకుంటే, ఆ రంగుల్లో చాలావాటిలో ఉండే పీపీడీ అనే పదార్థం కొందరికి ముఖమంతా వాచేలా చేస్తుంది.

మూడోది పైసా. ఒకసారి కొంటే అయిపోదు. కుట్టించుకున్నదాన్ని ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి విప్పించి మళ్లీ కుట్టించాలి. మిరపకోతకి వెళ్లి కూలి తెచ్చే ఇంట్లో ఈ ఖర్చు ఎవరి కంచంలోంచి తీస్తారు?

నాలుగోది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది. సవరం మర్జ్‌ను దాస్తుంది. జుట్టు ఊడడం చాలాసార్లు ఒంట్లో ఏదో తక్కువైందని చెప్పే ఖబర్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి మించి రక్తహీనతతో ఉన్నారు. రక్తంలో ఐరన్ తగ్గితే, థైరాయిడ్ తేడా వస్తే, పీసీఓడీ ఉంటే, టైఫాయిడ్, డెంగీ లాంటి గట్టి జ్వరం తగిలితే జుట్టు రాలుతుంది. కాన్పు తర్వాత రెండు నుంచి నాలుగు నెలలకి కుచ్చులుగా ఊడడం మామూలు, ఏడాది లోపల చాలామందికి దానంతటదే సర్దుకుంటుంది. ఇవన్నీ తెలుసుకోకుండా ఊడినచోట సవరం కడితే, ఇంట్లో పొగ వస్తోందని కిటికీకి పరదా కట్టినట్టు. పొగ కనపడదు. కింద మంట మాత్రం ఆరదు.

ఇంతకీ ఎవరి వెంట్రుకలు?

ఆ ప్యాకెట్‌లో ఉన్నది ఎవరి జుట్టని అడిగితే దుకాణంవాడికి జవాబు తెలియదు. వ్యాపారంలో రెండు రకాలు చెప్తారు. తలమీద నుంచి ఒకేసారి కత్తిరించినది, కుదురు ఒకవైపు, చివర ఒకవైపు సరిగ్గా ఉండేది మొదటి రకం. దాన్ని రెమీ అంటారు, ఖరీదెక్కువ. రెండోది మన గడపల దగ్గర పోగైన చిక్కు వెంట్రుకలు. ఇందులో కుదుర్లు, చివర్లు కలగాపులగంగా ఉంటాయి కాబట్టి వెంట్రుక పైపొర ఒకదానికొకటి చిక్కుకుంటుంది. అందుకని ఆ పొరను యాసిడ్‌తో తీసేసి, పైన సిలికాన్ పూత వేసి మెరిపిస్తారు. నాలుగు తలస్నానాలకి పూత పోతుంది, సవరం పీచు అవుతుంది. దుకాణంలో మెరుపు చూసి మోసపోయేది ఇక్కడే.

మొదటి రకంలో ఎక్కువ భాగం దక్షిణాది ఆలయాల్లో మొక్కుగా ఇచ్చిన తలనీలాల నుంచి వస్తుంది. తిరుమల తలనీలాలను దేవస్థానం వేలంలో అమ్ముతుందని అందరికీ తెలుసు. ఇచ్చేవాళ్లు వాళ్ల అఖీదతో, వాళ్ల భక్తితో ఇస్తారు, దాని మీద మనకేం మాట లేదు. కానీ దీని మీద ఒక యహూదీ ఖిస్సా చెప్పుకోవాలి. యహూదీ మతాన్ని గట్టిగా పాటించే వివాహిత స్త్రీలు సొంత జుట్టు కనపడకుండా విగ్గు పెట్టుకుంటారు. 2004 మే నెలలో జెరూసలేంలోని పెద్ద రబ్బీ యోసెఫ్ షాలోమ్ ఎల్యాషివ్, భారతదేశంలో ఆలయాల మొక్కుల నుంచి వచ్చిన జుట్టుతో చేసిన విగ్గులు తమవాళ్లకు నిషిద్ధమని తేల్చారు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఆడవాళ్లు వేల డాలర్ల విగ్గుల్ని నడివీధిలో తగలబెట్టారు. వాళ్ల మజ్‌హబ్ వాళ్లది. నేను చెప్పేది ఒక్కటే. సరుకు ఎక్కడిదో అడిగే హక్కు, అడగాల్సిన జిమ్మేదారీ కొనేవాళ్లకి ఉంటుంది. హోటల్లో మటన్ హలాలా అని అడిగే మనం తలమీద పెట్టుకునేదాని గురించి ఎందుకు అడగం?

ఇంకో ఖబర్ వింటే దిల్ కలుక్కుమంటుంది. 2020 జులై 1న అమెరికా కస్టమ్స్ అధికారులు చైనాలోని షిన్‌జియాంగ్ నుంచి వచ్చిన దాదాపు 13 టన్నుల వెంట్రుకల సరుకును రేవులోనే ఆపేశారు. విలువ 8 లక్షల డాలర్ల పైమాట. బలవంతపు చాకిరీతో తయారైందన్న అనుమానం మీద ఆపారు. షిన్‌జియాంగ్ అంటే వీగర్ ముస్లింల ఇలాకా, లక్షల మందిని శిబిరాల్లో బంధించిన చోటు. అందులో ఎవరి జుట్టుందో, ఎవరి చేతులు కుట్టాయో అల్లాహ్‌కే తెలుసు. మన దేశపు ముడి వెంట్రుకల్లోనూ చాలా భాగం చైనాకే పోతుంది. దొంగదారిన, తక్కువ ధర చూపించి పోతోందన్న ఫిర్యాదుల తర్వాత 2022 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ముడి వెంట్రుకల ఎగుమతికి అనుమతి తప్పనిసరి చేసింది. సంగతి ఇంత పెద్దది. మన గడపలో మాత్రం ఒక స్టీలు గిన్నె.

దీన్ ఏమంటోంది

హజ్రత్ అస్మా బిన్తె అబూబక్ర్ (రజి) రివాయత్ బుఖారీలో, ముస్లింలో ఉంది. ఒకావిడ దైవప్రవక్త (స) దగ్గరికి వచ్చి, కొత్తగా పెళ్లయిన తన కూతురికి జబ్బు చేసి జుట్టంతా ఊడిపోయిందని, వేరే జుట్టు కలపొచ్చా అని అడిగింది. ప్రవక్త (స) ఇజాజత్ ఇవ్వలేదు. జుట్టు కలిపేవారి మీద, కలిపించుకునేవారి మీద లానత్ అన్నారు. ఇది జబాన్‌తో తేలిగ్గా దాటేసే మాట కాదు. అడిగింది షోకు కోసం కాదని, జబ్బు చేసిన పిల్ల కోసమని గుర్తుంచుకుంటే ఇంకా బరువుగా ఉంటుంది.

ఉలమా దీని వెనుక రెండు వజహ్‌లు చెప్పారు. ఒకటి ధోకా. హజ్రత్ ముఆవియా (రజి) హజ్‌కి వచ్చిన ఏడు మదీనా మింబర్ మీద నిలబడి, చేత్తో ఒక వెంట్రుకల కుచ్చు పట్టుకుని, మీ ఉలమా ఎక్కడున్నారని జనాన్ని అడిగిన రివాయత్ ఉంది. దాన్ని ప్రవక్త (స) మోసం అన్నారని ఆయన గుర్తుచేశారు. రెండోది ఇన్సాన్ ఇజ్జత్. హనఫీ ఫుఖహా మనిషి ఒంట్లోని ఏ భాగాన్నీ సరుకు చేయకూడదన్నారు. అందుకే మనిషి వెంట్రుకలు అమ్మడం, కొనడం, వాడడం మూడూ జాయిజ్ కాదన్నారు. ఈ లెక్కన స్టీలు గిన్నె సౌదా గురించి కూడా మన ఇళ్లలో ఆలోచించాలి. ఊడిన జుట్టును, గోళ్లను మట్టిలో పాతిపెట్టడం మంచిదని పెద్దలు చెప్పింది ఇందుకే. అఖీఖాలో పసిబిడ్డ తల గీయించి ఆ జుట్టు ఎత్తు వెండి సదఖా ఇస్తాం. వెంట్రుక ఎత్తుకి వెండి గరీబుకి ఇచ్చే ఉమ్మత్ మనది. అదే వెంట్రుకని గ్రాముల లెక్కన అమ్ముకోవడం మన రివాజు ఎలా అయింది?

అయితే దీన్‌లో తంగీ లేదు. మనిషి జుట్టు కాని దారం, ఊలు, పట్టుతో జడ అల్లుకోవడంలో హర్జ్ లేదని సయీద్ బిన్ జుబైర్ (రహ్) మాట అబూదావూద్‌లో ఉంది, ఇమామ్ అహ్మద్ (రహ్) మాటా అదే. హనఫీ ఉలమా కూడా మనిషిది, పందిది కాని జుట్టుకు, దారాలకు ఇజాజత్ ఇచ్చారు. అందులోనూ ధోకా నియ్యత్ ఉండకూడదు. మాలికీలు ఇంకా సఖ్త్, షాఫయీలు కొన్ని షర్తులు పెట్టారు. సొంత కుదుళ్లను తలలో ఒకచోటి నుంచి తీసి ఇంకోచోట నాటించుకునే ట్రాన్స్‌ప్లాంట్ మాట వేరు. 2007లో మలేషియాలోని పుత్రజయలో జరిగిన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ సమావేశం ఊడిన జుట్టు స్థానంలో జుట్టు నాటించుకోవడాన్ని జాయిజ్ ఇలాజ్‌ల్లో చేర్చింది. అక్కడ వేరేవాళ్ల జుట్టు లేదు, దాచేదీ లేదు. అది ఇలాజ్.

ఇక నమాజ్ సంగతి. వుజూలో మసహ్ మన తలకి, మన తలమీద మొలిచిన జుట్టుకి చేయాలి. సవరం మీద చెయ్యి తుడిస్తే మసహ్ కాదు. గుస్ల్‌లో నీళ్లు కుదుళ్లకి చేరాలి. హజ్రత్ ఉమ్మె సలమా (రజి) తన జడ బిగుతుగా అల్లుకుంటానని, గుస్ల్‌కి విప్పాలా అని అడిగితే, అక్కర్లేదు, తలమీద మూడు దోసిళ్ల నీళ్లు పోసుకుంటే చాలని ప్రవక్త (స) ఆసానీ ఇచ్చారు. ఆ ఆసానీ సొంత జడకి. గమ్‌తో, టేపుతో చర్మానికి అంటించిన ప్యాచ్ కింద నీళ్లు చేరకపోతే గుస్లే కాదు, గుస్ల్ కాకపోతే నమాజ్ ఎలా? వారాల తరబడి అలాగే ఉండేవాళ్లు, ముఖ్యంగా మన కుర్రాళ్లు, మొహల్లా మసీదు ఇమామ్ సాబ్‌ని సిగ్గుపడకుండా అడగండి. మస్లా అడగడంలో శరమ్ లేదు.

రిష్తా చూపుల్లో జడ పరీక్ష

ఇప్పుడు అసలు చోటికి వస్తాను. మన ఇళ్లలో సవరం ఎక్కువగా కొనేది ఎప్పుడు? రిష్తా చూడ్డానికి వస్తున్నప్పుడు. అబ్బాయి తరఫు ఖాలాలు, ఫూఫీలు వస్తారు. షర్బత్ తాగుతారు, బిస్కెట్ తింటారు. ఆ తర్వాత ఒకావిడ చిన్నగా, "దుపట్టా తీసి కొంచెం ఇటు తిరుగమ్మా, జడ చూద్దాం" అంటుంది. ఇంకొకావిడ ప్యార్‌గా నిమురుతున్నట్టు జడ పట్టుకుని లాగి చూస్తుంది, అస్లీనా నఖ్లీనా అని. కూర్చున్న పిల్ల గుండె ఎలా కొట్టుకుంటుందో ఎవరికీ ఫికర్ లేదు. సంతలో గేదె పళ్లు చూసినట్టు ఆడపిల్ల జడ చూస్తున్నాం. ఆ తర్వాత ఖబర్ వస్తుంది: "పిల్ల బాగుంది, కానీ బాల్ తక్కువ."

నిఖాకి ముందు ఒకరినొకరు చూసుకోమని దీన్ చెప్పింది నిజమే. హజ్రత్ ముఘీరా (రజి)కి ప్రవక్త (స) చూసి చేసుకోమన్నారు, మీ మధ్య ఉల్ఫత్ నిలబడుతుందని. చూడమన్నది ముహబ్బత్ కోసం. మనం దాన్ని ముఆయినా చేసేశాం.

ఈ పరీక్షకి భయపడి అమ్మీ సవరం కొంటుంది. నేను ఆ అమ్మీని జాలిమ్ అనను, మజ్బూర్ అంటాను. కానీ మజ్బూరీలో చేసినా ధోకా ధోకానే. మన పల్నాడులో మిరప పండించే ఇళ్లకి ఇది చెప్పనక్కర్లేదు. పైన ఎర్రటి కాయ పేర్చి అడుగున తాలు నింపిన టిక్కీ గుంటూరు యార్డుకి వెళ్తే ఏమవుతుంది? బయ్యర్ చెయ్యి లోపలికి పెట్టి తీస్తాడు, ఇజ్జత్ పోతుంది, ధర పోతుంది. ప్రవక్త (స) కూడా బజారులో ధాన్యం కుప్పలో చెయ్యి పెట్టి, లోపలి తడి పట్టుకుని, మోసం చేసినవాడు మనవాడు కాదన్నారు. నిఖా అయిన తర్వాత మొదటి వారంలో ఆ జడ ఊడొస్తే పిల్ల తల దించుకునేది ఎవరి ముందు? భర్త ముందు, అత్త ముందు. జుట్టు లేదన్న మాట ఒక రోజు మాట. అబద్ధం చెప్పి చేశారన్న మాట జిందగీ అంతా వినాల్సి వస్తుంది.

అందుకే నా మాట అమ్మాయిల తల్లిదండ్రులకి ఒకటి, అబ్బాయిల తల్లిదండ్రులకి ఒకటి. అమ్మాయివాళ్లారా, మాట పక్కా కాకముందే చెప్పేయండి: మా పిల్లకి జుట్టు పల్చన, ఇలాజ్ నడుస్తోంది అని. పోయే రిష్తా అప్పుడే పోతుంది. నిలబడేది ఈమాన్‌దారీ మీద నిలబడుతుంది. అబ్బాయివాళ్లారా, మీ అబ్బాయి బట్టతలకి అమ్మాయివాళ్లు టోపీ తీయించి చూస్తే మీకెలా ఉంటుంది? జడ కొలిచే రివాజు బంద్ చేయండి. మన ఇళ్లలో ఆడపిల్ల బయటికి వెళ్తే తల కప్పుకోమంటాం. కప్పి ఉంచమన్నదాని మీదే ఆమె కిస్మత్ తేల్చేస్తాం. ఇందులో అఖల్ ఎక్కడుంది?

బుఖారీలో బనీ ఇస్రాయీల్‌కి చెందిన ముగ్గురి ఖిస్సా ఉంది. వారిలో ఒకరు బట్టతల మనిషి. నీకేం కావాలని ఫరిష్తా అడిగితే, మంచి జుట్టు కావాలి, దీనివల్ల జనం నన్ను అసహ్యించుకుంటున్నారని అన్నాడు. జుట్టొచ్చింది, మాల్ వచ్చింది. తర్వాత ఒక గరీబు వచ్చి చెయ్యి చాస్తే పొమ్మన్నాడు. తల నిండా జుట్టొచ్చినా ఇమ్తిహాన్‌లో ఫెయిలయ్యాడు. జనం నఫ్రత్ వల్ల మనిషి ఎంత కుంగిపోతాడో, జుట్టు ఒక్కటే మనిషిని మంచివాడిని చేయదన్నదీ ఇందులోనే ఉంది.

మరి ఏం చేయాలి?

జుట్టు ఊడుతోందని తెలిసిన రోజే సవరం దుకాణానికి కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లండి. రోజుకి యాభై నుంచి వంద వెంట్రుకలు ఊడడం అందరికీ ఉంటుంది, ఫికర్ వద్దు. అంతకు మించి, నెలల తరబడి అయితే హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఐరన్ మాత్రలు ఉచితంగా ఇస్తారు. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగే మన ఆదత్ ఆ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు, గంట ఆగి తాగండి. చర్మ డాక్టర్లు నరసరావుపేటలో ఉన్నారు, అంత దూరం కాదు. జుట్టు నెలకి సెంటీమీటరు మాత్రమే పెరుగుతుంది, కాబట్టి మందు వాడితే ఆరు నెలలైనా సబర్ చేయండి. పిల్లల జడలు కళ్లు పైకి లాక్కుపోయేలా బిగించకండి.

కీమో వల్ల పోయిన జుట్టు చికిత్స పూర్తయ్యాక చాలామందికి రెండు మూడు నెలల్లో మొలవడం మొదలవుతుంది. అందాకా మెత్తటి నూలు టోపీ, పైన స్కార్ఫ్ హాయిగా ఉంటాయి. బయటి పని ఉండి తప్పనిసరైతే సింథటిక్ విగ్గు గురించి మీ ఆలిమ్‌ని అడగండి. ఎప్పుడంటే అప్పుడు తీసేయగలిగేదే తీసుకోండి, గమ్ వద్దు. పెళ్లిలో పూలజడకి ఒత్తు కావాలంటే నల్లదారం పరాందా ఉంది. చూడగానే దారమని తెలుస్తుంది, ధోకా లేదు, ఖర్చు తక్కువ, రాత్రికి తీసి పెట్టెలో పెట్టుకోవచ్చు.

ఇంట్లో ఎవరికైనా జుట్టు పల్చబడితే దాని మీద మజాక్ చేయకండి. అన్న చెల్లెలిని, మొగుడు పెళ్లాన్ని, ఆఖరికి పిల్లలు అబ్బాని కూడా. నవ్వుతూ అన్న ఆ మాటే రేపు వేల రూపాయలు పెట్టి సవరం కొనిపిస్తుంది. వచ్చే నెల మీరు ఎవరింటికైనా రిష్తా చూడ్డానికి వెళ్తే పిల్లని జడ చూపించమని అడగకండి. ఏం చదివావమ్మా, ఏమంటే ఇష్టం, ఇల్లు ఎలా నడపాలనుకుంటున్నావు అని అడగండి. ఆ జవాబుల్లో దొరికే బహూ జుట్టు నెరిసిపోయాక కూడా మీ ఇంటికి బర్కత్‌గా ఉంటుంది.

అల్లాహ్ మన బీమార్లందరికీ షిఫా ప్రసాదించుగాక. మన ఆడపిల్లలకి ఇజ్జత్ ఉన్న రిష్తాలు నసీబ్ చేయుగాక. ఆమీన్.